ఎర్ర తాడూ, నలుగురు జర్మన్ తాతలూ

పర్శరాములుకు అక్షరం ముక్క రాదన్న సంగతి దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమా కొండల్లోని ఆ రాతి క్వారీలో పదకొండేళ్ల పాటు ఎవరికీ తెలియలేదు. 2022 చివర చలికాలంలో ఒక పొద్దున, అరవై మంది వింటుండగా, ఆ సంగతి గొంతెత్తి చెప్పినవాడు దేవేందర్. అతణ్ణి ఎవరూ అడగలేదు. పర్శరాములు అతనికి ఏ చెడూ చేయలేదు. పైగా క్యాంపులో చేరిన మొదటి వారం జ్వరమొస్తే గంజి కాచి పోసింది ఆయనే. అయినా చెప్పాడు. ఏం జరిగినా సరే మనిషన్నవాడు అబద్ధం ఆడకూడదని రెండొందల ఏళ్ల కిందట ఒక జర్మన్ పెద్దమనిషి తేల్చేశాడు కాబట్టి చెప్పానని చాలాకాలం తనను తాను నమ్మించుకున్నాడు. తన మాట జగిత్యాల దాకా పోయి అక్కణ్నుంచి దుబాయ్ విమానం ఎక్కుతుందని ఆ పెద్దమనిషి కలలో కూడా అనుకుని ఉండడు.

ముందు ఆ క్వారీ పద్ధతి చెప్పాలి. కొండను పేల్చి తెచ్చిన రాయి క్రషర్‌లో పడి నలిగి, కంకరై, పొడవాటి రబ్బరు బెల్టుల మీద గుట్టలకు చేరుతుంది. బెల్టుల కింద రాలిన కంకరను పారలతో ఎత్తిపోసే పని మనవాళ్లది. బెల్టు పక్కన, నడుము ఎత్తులో, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక ఎర్ర తాడు ఉంటుంది. దాన్ని ఎక్కడ లాగినా బెల్టు ఆగిపోతుంది. రోజూ పొద్దున ఆరింటికి, పార పట్టే ముందు, పది నిమిషాలు జాగ్రత్తలు చెబుతారు. దాన్ని టూల్‌బాక్స్ అంటారు. సేఫ్టీ ఆఫీసరు బిజు సారుది కేరళ. ఆయన ఒక ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి, తనకొచ్చిన హిందీలో నాలుగు ముక్కలంటాడు. ఆ తర్వాత ఏ భాషవాళ్లకు ఆ భాష మనిషి కాగితం చూసి విడమరచి చెప్పాలి. విన్నామని అందరూ సంతకాలు పెట్టాలి. తెలుగువాళ్లకు చెప్పే మనిషి పర్శరాములు. ఆ పని చేసేవాళ్లకు ఆకుపచ్చ హెల్మెట్ ఇస్తారు. మిగతా అందరివీ పసుపు.

పర్శరాములు కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపులో పెద్ద బడి హెడ్‌మాస్టరు కనిపించేవాడు.

"ఇగ సూడుండ్రి. బెల్టంటే అలిగిన అల్లుని లెక్క. ముట్టనంత సేపు మంచిగనే ఉంటడు. అంగీ కొస చేతికి దొరికిందా, మనిషిని మనిషినే గుంజుకుంటడు. నవ్వుడు కాదు. హయాత్ బాషా, ఆ తువాల లోపటికి దోపు."

"దోపినా పంతులూ. ఇంగ పెండ్లికొడుకు మాదిరి ఉండానా?" అనేవాడు కడప హయాత్ బాషా.

"పెండ్లికొడుకువే. పిల్ల ఉరికిపోయింది, గంతే."

అది అయ్యాక ఇంకొక పని ఉండేది. అది ఏ కాగితంలోనూ లేదు, పర్శరాములు పెట్టిన ఆచారం. ప్రతివాడూ తన చోటికి వెళ్లి, కళ్లు మూసుకుని, చెయ్యి చాపి ఎర్ర తాడును ముట్టాలి. ముట్టేదాకా పార పట్టనివ్వడు. "దుమ్ముల కండ్లు పనిజెయ్యయి. తాడు యాడున్నదో చెయ్యికి ఎరుకుండాలె" అనేవాడు. ముట్టిన చేతిని కొందరు అలవాటు కొద్దీ కళ్లకు అద్దుకునేవాళ్లు.

క్యాంపులో ఆయన్ని అందరూ పంతులనే పిలిచేవాళ్లు. ఊళ్లో ఆయన గొర్రెలు కాసినవాడు. భార్య బాలవ్వ మాత్రం, తన పెనిమిటి దుబాయ్‌లో అరవై మందికి పాఠం చెబుతాడని ఊరంతా చాటింది. ఆకుపచ్చ హెల్మెట్ పెట్టుకుని కాగితం పట్టుకున్న ఆయన ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. అరవై నిండగానే కంపెనీ ఇంటికి పంపించేస్తుంది. ఆయనకింక కొన్ని నెలలే ఉన్నాయి. "అచ్చేటప్పుడు ఆ టోపీ తే. ఫోటో కింద పెడుత" అని బాలవ్వ ఫోన్లో చెప్పింది. పర్శరాములు ఈ మాట కనిపించినవాడికల్లా చెప్పుకునేవాడు. దేవేందర్‌కు నాలుగుసార్లు చెప్పాడు. అంటే దేవేందర్‌కు తెలుసు. తెలిసే చేశాడు.

ఇక దేవేందర్ సంగతి. కోరుట్ల పక్క పల్లె. డిగ్రీ రెండో ఏట, పరీక్ష ఫీజు గడువు రోజున, కాలేజీకని బయల్దేరి కరీంనగర్ బస్టాండులో పాత పుస్తకాలు తిరగేస్తూ గడువు దాటించేసిన ఘనుడు. ఆ రోజు కొన్న పుస్తకమే అతని చదువంతా. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసినవాడి పేరు లేదు. జర్మన్ ఆలోచనాపరుల మీద ఎవరో తెలుగులో రాసిన పుస్తకం. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి గానీ విమానం ఎక్కనివ్వని రోజుల్లో, 2021లో, సంచిలో ఆ పుస్తకం పెట్టుకుని దిగాడు. అందులోని పేర్లు క్యాంపులో ఎవరి నోరూ తిరగలేదు. బొమ్మలు చూసి మనవాళ్లే పేర్లు పెట్టుకున్నారు. రోజూ ఒకే గంటకు షికారు వెళ్లేవాడట, ఊరివాళ్లు ఆయన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లట, ఆయన గడియారం తాత. మూతి కనపడనన్ని మీసాలున్నాయన మీసాల తాత. చెట్టంత గడ్డం ఉన్నాయన గడ్డం తాత. నాలుగో ఆయన దగ్గర దేవేందర్ ప్రతిసారీ పదో పేజీలో ఆగిపోయేవాడు. ఆయనకు అర్థంకాని తాత అని పేరు పెట్టింది దేవేందరే.

గడియారం తాత అబద్ధం ఆడొద్దన్నాడు. మనిషిని వట్టి పనిముట్టుగా వాడుకోవద్దన్నాడు. మీసాల తాత, గెలవలేనివాళ్లు తమ కుళ్లుకు నీతి అని పేరు పెట్టుకుంటారన్నాడు. గడ్డం తాత, పని ఒకడిది, ఫలం ఒకడిదీ అయిన లోకాన్ని తిట్టాడు. దేవేందర్ ఈ వాక్యాలన్నిటి కిందా ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు. కుళ్లు గురించిన వాక్యం కింద రెండు గీతలు గీసి, అంచున 'ముదీర్' అని రాసుకున్నాడు. అంటే మేనేజరు. కుళ్లు అంటే ఎప్పుడూ ఎదుటివాడికి ఉండేదే కదా.

దాదాపు రెండేళ్లు పార పట్టాడు. ఇంత చదివిన తనను ఎవరూ పంతులని పిలవలేదు. పుస్తకం పట్టుకుని మంచం మీద కూర్చుంటే, "ఏమప్పా, నిదర పట్టలేదా?" అని హయాత్ బాషా జాలిపడేవాడు.

ఆ చలికాలం పొద్దున బిజు సారు పొరపాటున ఒక కాగితం బదులు ఇంకొకటి ఇచ్చాడు. పర్శరాములు దూరంగా పట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, పది నిమిషాలు బెల్టు గురించి చెప్పాడు. మధ్యమధ్య కాగితం మీద వేలు పెట్టి, "ఇగో, ఈడ రాసిండ్రు" అని కూడా అన్నాడు. వెనక నిలబడ్డ దేవేందర్ ఆ కాగితం చదివాడు. అది ఆ వారం మెస్సులో ఏ పూట ఏం వండుతారన్న జాబితా. వేలు పెట్టిన చోట 'శుక్రవారం, కోడికూర' అని ఉంది.

ఊరుకుని ఉండొచ్చు. టూల్‌బాక్స్ అయ్యాక పక్కకు పిలిచి నవ్వుకోవచ్చు. దేవేందర్ ఒక అడుగు ముందుకేసి, హిందీలో, బిజు సారుకు వినపడేలా అన్నాడు: "సార్, యే ఆద్మీకో పఢ్‌నా నహీఁ ఆతా."

ముందు నవ్వులు లేచాయి. తర్వాత ఎందుకో ఎవరూ నవ్వలేదు. పర్శరాములు కాగితాన్ని రెండుసార్లు మడిచాడు.

"సదువు అచ్చునా రాదా అని పదకొండేండ్లల ఎవ్వరడగలే సార్. అడిగితే చెప్పేటోన్ని" అన్నాడు మెల్లగా.

బిజు సారు చెడ్డవాడు కాదు. ఫైలు మనిషి. చదువు రాని మనిషి కాగితం చదివినట్టు పదకొండేళ్ల సంతకాలు తన అలమారాలో ఉన్నాయని ఆయనకు చెమటలు పట్టాయి. ఆ సాయంత్రానికే పర్శరాములుకు పసుపు హెల్మెట్, పార వచ్చాయి. ఆకుపచ్చది దేవేందర్‌కు వచ్చింది. కొత్తది కూడా కాదు, అదే హెల్మెట్. పర్శరాములుది పెద్ద తల. లోపలి పట్టీ ఎంత బిగించినా దేవేందర్ తల వంచితే చాలు, అది జారి కళ్ల మీద పడేది. గడియారం తాత శిష్యుడు ఆ హెల్మెట్‌ను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నీతి చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటివారం కాగితంలో ఉన్నదే చెప్పాడు. రెండోవారం కాగితం చిన్నదనిపించింది. శ్రమ అంటే ఏమిటి, శ్రామికుడు తన చేతిపనికే ఎలా పరాయివాడవుతాడు, మనిషి యంత్రానికి బానిసా, యంత్రం మనిషికా? పది నిమిషాలు ఇరవై అయ్యాయి. మనవాళ్లు హెల్మెట్ల కింద నిలబడే కునుకు తీయడం నేర్చుకున్నారు.

"దేవేందర్ సామీ, ఒక సందేహం" అన్నాడు ఒకరోజు హయాత్ బాషా.

"అడుగు" అన్నాడు దేవేందర్ పొంగిపోయి. ఇన్నాళ్లకు ఒకడు ప్రశ్న వేశాడు.

"మీ గడ్డం తాత యా బెల్టు కాడ పనిచేసినాడు?"

అందరూ మేలుకున్నారు. ఆ పూట సంతకాలు చాలా హుషారుగా పడ్డాయి.

దేవేందర్ రోషంతో మరుసటి రోజు పెద్ద నిర్ణయం తీసుకున్నాడు. తాడు ముట్టే ఆచారం ఎత్తేశాడు. యంత్రం ముందు కళ్లు మూసుకుని చెయ్యి కళ్లకద్దుకోవడం బానిస బుద్ధి అన్నాడు. మీసాల తాత చూస్తే ఉమ్మేస్తాడన్నాడు. "రేపటి సంది ఎవ్వడు ముట్టొద్దు. మనం మనుషులం" అని ముగించాడు.

వెనక వరసలోంచి పర్శరాములు గొంతు వినపడింది. "మనుషులమే, బిడ్డా. గందుకే ముట్టుమన్న."

ఆయన ఒక్కడే రోజూ వెళ్లి కళ్లు మూసుకుని తాడు ముట్టి పార పట్టేవాడు. నడుము నొప్పి. పది పారలకోసారి ఆగి, బెల్టు కంబాన్ని పట్టుకుని నిలబడేవాడు. బాలవ్వ ఫోన్ చేస్తే ఆడియోలో మాత్రమే మాట్లాడేవాడు. వీడియోలో పసుపు హెల్మెట్ కనపడుతుందని. ఒకసారి పక్కనే కూర్చున్న దేవేందర్‌కు ఆవిడ గొంతు వినపడింది: "టోపీ పైలంగున్నదా?"

"ఉన్నది తియ్యి" అన్నాడు పర్శరాములు. దేవేందర్ పుస్తకంలో మొహం పెట్టాడు. అర్థంకాని తాత పదో పేజీ వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక రోజు, పది గంటలప్పుడు, గాలి ఎత్తుకుంది. కంకర దుమ్ము ముసిరి చెయ్యి చాపితే చెయ్యి కనపడడం లేదు. దేవేందర్ ముక్కుకు, నోటికి నల్ల తువాలు చుట్టుకున్నాడు. దాని కొస బయటికి వేలాడుతోంది. కొసలు లోపలికి దోపాలని ఆ రోజు కాగితంలోనే ఉంది. అతను ఆ రోజు కాగితం తెరవలేదు. యజమానికీ సేవకుడికీ మధ్య సంబంధం గురించి మాట్లాడాడు.

బెల్టు చివర తిరిగే డ్రమ్ము దగ్గర ఎవరో పార వదిలేసి వెళ్లారు. తీద్దామని వంగి పట్టుకున్నాడు. హెల్మెట్ జారి కళ్ల మీద పడింది. ఎత్తడానికి చెయ్యి లేపేలోపు తువాలు కొస డ్రమ్ముకు చిక్కింది. మెడ దగ్గర బిగిసింది, పార జారి కింద పడింది. ఒక చేత్తో బెల్టు కంబాన్ని పట్టుకున్నాడు, ఇంకో చేత్తో తాడు కోసం వెతికాడు. కుడి వైపు వెతికాడు. తాడు ఎడమ వైపు ఉంది. రెండేళ్లకు పైగా ఆ తాడు పక్కనే పనిచేశాడు. నలుగురు జర్మన్ల పుట్టిన తేదీలు చెప్పగలడు. తాడు ఏ పక్కన ఉందో చెప్పలేకపోయాడు. అరుద్దామంటే గొంతు రాలేదు. వచ్చి ఉంటే ఏ తాతను పిలిచేవాడో.

బెల్టు ఆగింది.

చీకటి లాంటి ఆ దుమ్ములో ఇరవై అడుగుల అవతల పర్శరాములు ఎర్ర తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు దేవేందర్ కనపడలేదు. పార కింద పడ్డ చప్పుడు, తర్వాత దాన్ని ఎత్తిన చప్పుడు లేకపోవడం విన్నాడు. చూడకుండానే చెయ్యి చాపి లాగాడు.

హయాత్ బాషా పరిగెత్తుకొచ్చి కత్తితో తువాలు కోశాడు. మెడ చుట్టూ ఎర్రటి వాత తప్ప ఏమీ కాలేదు. నేలమీద కూర్చుని దగ్గుతున్న దేవేందర్ ముందు పర్శరాములు వంగి, దొర్లిన ఆకుపచ్చ హెల్మెట్ తీసి, దుమ్ము దులిపి, మళ్లీ అతని నెత్తిన పెట్టాడు.

"పెద్దగున్నది నీకు" అన్నాడు, అంతే.

మధ్యాహ్నం బిజు సారు గదిలో విచారణ. బల్ల మీద నాలుగు పేజీల ఫారం. పొద్దున టూల్‌బాక్స్‌లో తువాలు సంగతి చెప్పారా లేదా అన్నది అసలు గడి. చెప్పకుండా చెప్పినట్టు సంతకం పెడితే ఆ మనిషి వీసా రద్దు చేసి ఇంటికి పంపుతారు. దేవేందర్‌కు ఇప్పుడు గడియారం తాత మాట నిజంగా అవసరం పడింది. ఈసారి సత్యం చెబితే పోయేది తన మెడే. పొద్దున మిగిలిన మెడ.

ముందు పర్శరాములును అడిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. పాత హెడ్‌మాస్టరు సవరింపు.

"దేవేందర్ నే బోలా సాబ్. కప్‌డా అందర్ డాలో బోలా. పూరా బోలా. రాయి ఎగిరొచ్చి తువాల ఊడిపోయింది, ఉస్‌కా గల్తీ నహీఁ."

"లేదు సార్!" అన్నాడు దేవేందర్. గొంతు బొంగురుగా వచ్చింది. "మైఁనే నహీఁ బోలా. తాడు ముట్టొద్దని కూడా నేనే చెప్పిన. తప్పు నాదే సార్."

బిజు సారు పెన్ను కింద పెట్టాడు. ఒకడు ఇతను మంచివాడు అని సాక్ష్యమిస్తున్నాడు, ఆ మంచివాడేమో నేను చెడ్డవాణ్ని అంటున్నాడు. ఫారంలో దీనికి గడి లేదు. చెప్పలేదని రాస్తే తనూ పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. అద్దాలు తుడుచుకుని, "దేవేందర్, తుమారా గలా ఖరాబ్ హై. చుప్ బైఠో" అని, 'చెప్పడమైనది' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఖలాస్. దేవేందర్ జీవితంలో మొదటిసారి చెప్పిన అసలైన సత్యం, గొంతు బాగా లేదన్న కారణంగా చెత్తబుట్టలోకి పోయింది.

బయటికొచ్చాక అడిగాడు. "ఎందుకు కాకా అబద్ధమాడినవ్? నేను నీకు జేసింది యాదికి లేదా?"

"యాదికున్నది. నిన్ను పంపిచ్చిండ్రనుకో, ఇంకొకడు అస్తడు ఆ టోపీ పెట్టుకొని. వాడు నీకంటే ఎర్రోడైతే? గీ తువాలతోటి నీకు సోయి అచ్చింది గద. మళ్ల మొదటి సంది ఎవనికి నేర్పాలె?"

దేవేందర్ ఆ సాయంత్రం మంచం మీద పుస్తకం తెరిచాడు. కుళ్లు గురించిన వాక్యం అంచున 'ముదీర్' అన్న మాట కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. ఆ చలికాలం పొద్దున తాను చెప్పింది సత్యమే. చెప్పింది మాత్రం సత్యం కోసం కాదు, ఆకుపచ్చ రంగు కోసం. పనిముట్టుగా వాడుకోవద్దన్న వాక్యం కింద గీసిన గీత చాలా తిన్నగా ఉంది. స్కేలు పెట్టి గీశాడు.

మర్నాడు వెళ్లి, టూల్‌బాక్స్ పర్శరాములుకే ఇమ్మని బిజు సారును అడిగాడు. చదువు రాని మనిషికి ఇవ్వడానికి రూలు లేదన్నాడాయన. రూలు లేనిచోట మనవాళ్లు ఎలా బతుకుతారో అలాగే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే దేవేందర్ కాగితం ఒకసారి చదివి వినిపిస్తాడు. పర్శరాములు ముందుకొచ్చి తన పద్ధతిలో చెబుతాడు. ఆకుపచ్చ హెల్మెట్ ఆయన నెత్తిన ఉంటుంది. బిజు సారు ఆ పది నిమిషాలూ అద్దాలు తుడుచుకుంటాడు. పైవాళ్ల జీపు గేటు దగ్గర కనపడితే హయాత్ బాషా దగ్గుతాడు. వెంటనే హెల్మెట్ దేవేందర్ నెత్తికి మారుతుంది. వెనక నుంచి పర్శరాములు చెబుతుంటే ముందు నిలబడి దేవేందర్ పెదాలు కదుపుతాడు. నాలుగు నెలలు ఈ నాటకం నడిచింది. అబద్ధం ఆడకూడదన్న తాత శిష్యుడు రోజూ పెదాలతో అబద్ధమాడాడు. అంత శ్రద్ధగా అతను డిగ్రీ చదివి ఉంటే దుబాయ్ వచ్చే పని ఉండేది కాదు. తాడు ముట్టడం మళ్లీ మొదలైంది. వీడియో కాల్‌లో బాలవ్వ టోపీని చూసింది. "జర రంగు పోయింది" అందట.

ఆగస్టులో పర్శరాములుకు అరవై నిండాయి. ఎయిర్‌పోర్టు వ్యాను క్యాంపు గేటు ముందు ఆగింది. దేవేందర్ ఆకుపచ్చ హెల్మెట్‌ను పాత పేపర్లలో చుట్టి తెచ్చాడు. పోగొట్టుకున్నానని బిజు సారుకు రాసిచ్చాడు. అది కూడా అబద్ధమే, ఈసారి రాతపూర్వకంగా. పర్శరాములు దాన్ని సంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. పెట్టే ముందు లోపలి పట్టీని తన తలకు సరిపోయేలా మళ్లీ వదులు చేశాడు.

"కాకా, ఆ దినం అందరి ముంగట అన్నది..." దేవేందర్ మాట పూర్తి కాలేదు. నాలుగు నెలలుగా లోలోపల ఈ వాక్యాన్ని జర్మన్ పద్ధతిలో పేర్చుకుంటున్నాడు. నోట్లోకి వచ్చేసరికి మొదటి ముక్కలోనే విరిగింది.

"నిజమే అంటివి గద. నాకు ఒక్కనికి చెప్తే సరిపోతుండె, గంతే" అన్నాడు పర్శరాములు. వ్యాను డ్రైవరు యల్లా యల్లా అని హారన్ కొట్టాడు. ఆయన ఎక్కి కూర్చుని, అద్దం దించి, దేవేందర్ చంకలో ఉన్న అట్టలేని పుస్తకం వంక చూశాడు.

"మీ తాతలు మంచోళ్లే కావచ్చు, బిడ్డా. నేనేం కాదంటలేను. వాళ్లది వాళ్లకు ఇడిసిపెట్టు. నువ్వు ముట్టినవా ఇయ్యాల?"